పద్నాలుగు చీరల బొంత

ఉదయగిరి,
16 జూన్ 2025, సోమవారం.

రూబీకి,

పైన వందనాలు రాద్దామని పెన్ను పెట్టి, మనసు రాక ఊరుకున్నాను. నీ నంబరు బ్లాక్ చేశాను, చూసుకునే ఉంటావు. ఫోన్లో తిడితే అది కూడా రికార్డు చేసి, వెనక ఒక పాట పెట్టి, ‘కోపిష్టి అక్కలతో ఎలా మెలగాలి’ అని వీడియో వదులుతావు. కాగితం మీద తిడితే నీ ఒక్కదానికే అందుతుంది.

మొన్న శనివారం స్త్రీల సమాజంలో కీర్తన అయిపోయి ప్రార్థన మనవులు చెప్పుకునే వేళకు ఎస్తేరమ్మ పెద్దమ్మ ఫోన్ తీసి నీ వీడియో పెట్టింది. “సుకుమారీ, ఇట్రా మే. ఈ వంకాయరంగు ముక్క నా చీరది గదా?” అంది. పక్కనున్నామె వంగి చూసి “ఆ పసుపు పూలది నాదే” అంది. ఫోన్ చేతులు మారుతూ గదంతా తిరిగింది. ఎవరి ముక్క వాళ్ళు గుర్తుపట్టారు. తర్వాత ఒక్కరూ నా మొహం చూడలేదు, అందరూ తలలు వంచుకున్నారు. నా బిడ్డ ఏంజెలిన్ మీద వాళ్ళు పడ్డ జాలికి నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఇంకేం చూడకుండా బైబిలు తీసుకుని వచ్చేశాను.

మన గుడిలో బిడ్డను ప్రతిష్ఠ చేసిననాడు సమాజం ఆడవాళ్ళు తలా ఒక చీర ముక్క తెచ్చి, కలిపి కుట్టి, ఆ బొంత తల్లి చేతిలో పెడతారు. నీకు తెలియని సంగతా? ఏంజెలిన్ బొంతకు పద్నాలుగు మంది ముక్కలిచ్చారు. పద్నాలుగోది నీది, ఇంటర్లో నువ్వు కట్టిన నీలం చీర. మొహం చూపిస్తే కొందరన్నా పోల్చుకోలేకపోయేవాళ్ళేమో. ఆ బొంత చూపించాక ఇంక పేరు చెప్పేదేముంది?

సెలవుల్లో పిన్ని దగ్గరికి పోతానని పిల్ల ఏడిస్తే పంపాను. పంపేటప్పుడు నిన్ను పక్కకు పిలిచి, పదకొండేళ్ళొచ్చినా అప్పుడప్పుడు పక్క తడుపుతోంది, కింద రబ్బరు షీటు వెయ్యి, ఎవరి చెవినా పడనీకు అని చెప్పాను. నువ్వేమో ఆ బొంతను మీ మిద్దె మీద ఆరేసి, దాని ముందు నిలబడి, ‘పక్క తడిపే పిల్లల తల్లులకు ఒక మాట’ అని లోకానికంతా చెప్పావు.

పిల్ల హైస్కూల్లో చేరి నాలుగు రోజులైంది. నిన్న సండేస్కూలుకు పోయి సగంలో తిరిగొచ్చి తలుపు వేసుకుంది. ఈ ఉత్తరం అందిన గంటలో ఆ వీడియో తీసెయ్యి.

ఇప్పటికీ నీకు అక్కనే,
సుకుమారి


ఆత్మకూరు,
19 జూన్ 2025.

అక్కా,

నువ్వు రాయకపోయినా నేను రాస్తున్నాను, వందనాలు. పోస్ట్‌మ్యాన్ నీ ఉత్తరం ఇస్తూ “ఈ రోజుల్లో చేత్తో రాసిన ఉత్తరమేంది తల్లీ, కోర్టు నోటీసా?” అన్నాడు. చదివాక అదే నయమనిపించింది.

నేను పాప మొహం చూపించలేదు. పేరు చెప్పలేదు. మా బంధువుల పాప అని కూడా అనలేదు, ఒక పాప అన్నాను. బొంత మూలన ఎర్రదారంతో పేరు కుట్టి ఉంటే ఆ మూల లోపలికి మడిచి, క్లిప్పు పెట్టి మరీ ఆరేశాను. అంత జాగ్రత్త పడ్డదాన్ని, చీర ముక్కల సంగతి తట్టలేదు. నా నీలం చీర అందులో ఉందని నువ్వు రాసేదాకా గుర్తే లేదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. కానీ ఎస్తేరమ్మ పెద్దమ్మ నిన్ను ఒక్కదాన్నే పిలిచి చెప్పి ఉండొచ్చు కదా? అందరి ముందూ ఫోన్ తిప్పింది ఆమె. ఆమెను ఒక్క మాట అనలేదు, నా మీద మాత్రం విరుచుకుపడ్డావు.

మూడేళ్ళ నుంచి ఈ ‘మావాడూ నేనూ’ ఛానల్ నడుపుతున్నాను. రాగిజావ ఎట్లా కాచాలి, జ్వరమొస్తే ఒళ్ళెట్లా తుడవాలి, పిల్లలకు ఫోన్ ఎట్లా మాన్పించాలి, అన్నీ చెప్పాను. తెల్లారి మావాడు లేవకముందే ఫ్రిజ్ మీద ఫోన్ నిలబెట్టి, చప్పుడొస్తుందని ఫ్యాన్ ఆపి, చెమటలు కారుతూ మాట్లాడాను. రెండు వేల ఫాలోవర్లు దాటలేదు, అందులో సగం మనవాళ్ళే. మీ మరిది సురేంద్రబాబు “నీ వీడియోలు నువ్వే చూసుకుంటే సరిపోతాది లే” అని నవ్వేవాడు. ఈ ఒక్కటి నాలుగు లక్షల మంది చూశారు. ఫాలోవర్లు ముప్పై వేలైనారు. నేను లెక్కల కోసం చెయ్యలేదని రాద్దామనుకున్నాను, నిజం కాదు కాబట్టి రాయడం లేదు. ఆ అంకెలు పెరుగుతుంటే నాకు చాలా సంతోషమేసింది.

కానీ చేజర్ల నుంచి ఒకామె కామెంట్ పెట్టింది. ‘నేను రోజూ మా బాబును కొట్టేదాన్ని మేడం, ఈరోజు కొట్టలేదు’ అని. అటువంటివి వందల్లో ఉన్నాయి. ఇవన్నీ చెరిపెయ్యమంటావా? తీసెయ్యను అక్కా. కోపం తగ్గాక నువ్వు ఆ వీడియో చూడు. చివరి నిమిషం దాకా చూడు, ఆ తర్వాత మాట్లాడు.

ఏంజెలిన్‌కు ముద్దులు. నీ స్టీలు క్యారియర్ నా దగ్గరే ఉంది, మూత మాత్రం ఎక్కడ పెట్టానో కనపడటం లేదు.

నీ చెల్లెలు,
రూబీ


ఉదయగిరి,
23 జూన్ 2025.

రూబీ,

క్యారియర్ మూత గురించి రాయడానికి నీకు చెయ్యెట్లా వచ్చింది?

ఇక్కడ జరుగుతున్నది విను. క్లాసులో ఏంజెలిన్ లేచి నిలబడితే చాలు, వెనక బెంచీ వాళ్ళు ‘స్స్స్’ అంటున్నారట. నీళ్ళు తాగడం మానేసింది. పొద్దున నింపిన బాటిల్ సాయంత్రం నింపింది నింపినట్టే తెస్తోంది. ఈ ఎండలకు పెదాలు పగిలిపోయాయి. నిన్న కత్తెర తీసుకుని, బొంత మూలన ఎర్రదారంతో పేరున్న ముక్క కత్తిరించి బయట పడేసింది. ఏందే ఈ పని అని నేను అరిస్తే “పేరు లేకపోతే ఇంక నాది కాదు గదా మా” అంది. నువ్వు ఆ మూల లోపలికి మడిచావు, అది ఏకంగా కోసేసింది. నీ జాగ్రత్త నా బిడ్డను ఇక్కడికి తెచ్చింది.

నేను చూడను ఆ వీడియో. మొదటి నిమిషం చూసిందే చాలు. పద్దెనిమిదేళ్ళుగా అంగన్‌వాడీ టీచర్ని. ఉదయగిరిలో ఎంతమంది తల్లులు నా ముందు కూర్చుని పిల్లల పెంపకం నేర్చుకున్నారో నీకు తెలుసు. ఇప్పుడు నాకు నువ్వు పాఠం చెబుతావా? అమ్మ పోయేనాటికి నీకు ఏడేళ్ళు, నాకు పంతొమ్మిది. నీకు జడలేసింది, అన్నం కలిపి పెట్టింది, స్కూలు గేటు దాకా చెయ్యి పట్టుకుని నడిపించింది నేను. నాయన పేరుకు ఇంట్లో ఉండేవాడు, పెంచింది నేను. నిన్ను పెంచినదాన్ని పట్టుకుని చివరి నిమిషం దాకా చూడమంటావా?

ఇంకొకటి. సబ్బుల కంపెనీ వాళ్ళు మీ ఇంటికి పెద్ద పెట్టె పంపారని మీ ఆయన ఎస్తేరమ్మ కొడుకుతో చెప్పాడంట. నా బిడ్డ పక్క తడిపితే నీకు సబ్బులొచ్చాయి. బాగా రుద్దుకో. మీవాణ్ణి పెట్టుకోవే వీడియోల్లో, వాడు నీ బిడ్డ. నా బిడ్డ జోలికి రాకు. సిగ్గుంటే ఈపాటికి తీసేసి ఉండేదానివి.

సుకుమారి


ఆత్మకూరు,
27 జూన్ 2025.

అక్కా,

సబ్బుల పెట్టె మార్చిలో వచ్చింది. అప్పటికి ఏంజెలిన్ ఇక్కడికి రానేలేదు. బావకు ఫోన్ చేసి అడుగు, లారీ ఆపి మా ఇంటికి వచ్చిననాడు రెండు సబ్బులు ఆయనకే ఇచ్చాను.

నీళ్ళు తాగడం మానేసిందని చదివి అన్నం తినలేకపోయాను. దానికి కారణం నేను. కానీ నేను ఒక్కదాన్నే కాదు. చివరి నిమిషం చూడనన్నావు కాబట్టి ఆ చివరి నిమిషంలో ఏముందో రాస్తున్నాను, చదువు.

మే పదకొండు, ఆదివారం. గుడికి పోవాలని తెల్లారగానే లేచాను. పక్కలో పిల్ల లేదు. వెనక కుళాయి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని బొంత ఉతుకుతోంది. అంత బరువు పిండలేక సగం నీళ్ళతోనే గోడ మీదికి ఎత్తాలని చూస్తోంది. నన్ను చూసి ఏడవలేదు. లేచి, తడి కాళ్ళతో వంటింట్లోకి పోయి, సంగటి తెడ్డు వెతికి తెచ్చి నా చేతిలో పెట్టింది. రెండు అరచేతులూ చాచి, కళ్ళు మూసుకుంది.

“ఎన్ని, పిన్నీ?” అంది.

ఆ నిలబడటం నాకు తెలుసు అక్కా. ఎడమ చెయ్యి కుడి చెయ్యికంటే కొంచెం పైకి ఉంటుంది, ఎందుకంటే మొదటి దెబ్బ ఎడమ చేతికి. నేను కూడా ఎనిమిదేళ్ళప్పుడు, తొమ్మిదేళ్ళప్పుడు, తడిసిన గౌనుతో అట్లాగే నిలబడేదాన్ని. నీ ముందే. తెడ్డు నేనే తెచ్చి ఇవ్వాలి, అది నీ రూలు. ఇరవై ఏళ్ళ తర్వాత నా వంటింట్లో అదే రూలు చూశాను. జడలేసింది నువ్వే, కాదనను. ఆ చేత్తోనే ఇదీ చేశావు. అంగన్‌వాడీలో తల్లులను కూర్చోబెట్టి పిల్లల మీద చెయ్యెత్తకండమ్మా అని చెబుతావు. ఇంటికొచ్చి తెడ్డు తెమ్మంటావు. ఎవరికి సిగ్గుండాలి?

ఆరోజు నీకు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ నువ్వు ‘హలో’ అనగానే మామిడికాయల సంగతి మాట్లాడి పెట్టేశాను. నాకు ఇరవై తొమ్మిదేళ్ళు, ఒక బిడ్డ తల్లిని, నీ గొంతు వింటే ఇంకా అరచేతులు చల్లబడతాయి. నీతో చెప్పలేక కెమెరాతో చెప్పాను. నీ ఒక్కదానికి చెప్పాల్సిన మాట నాలుగు లక్షల మంది విన్నారు, నువ్వు తప్ప. నేను పిరికిదాన్ని. పైగా లైకులు వచ్చి పడుతుంటే రెండు రోజులు ఏంజెలిన్ సంగతే మర్చిపోయాను. పక్కనే కూర్చుని అన్నం తింటున్న పిల్లను మర్చిపోయాను.

అయినా ఇప్పుడప్పుడే తీసెయ్యను. ఇంక కొట్టనని కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపు. ఆరోజే తీసేస్తాను.

రూబీ


ఉదయగిరి,
30 జూన్ 2025.

రూబీకి,

బెదిరిస్తున్నావా? నా బిడ్డ పరువు నీ చేతిలో పెట్టుకుని నాతో సంతకం పెట్టించుకుంటావా?

కొట్టాను. నిన్నూ కొట్టాను, దాన్నీ కొట్టాను. పంతొమ్మిదేళ్ళ పిల్లను, చదువు మాని ఏడేళ్ళ పిల్లను చంకనేసుకున్నాను. రోజూ పొద్దున్నే తడి పక్కలు, నాయన అరుపులు. నాకెవరు చెప్పారు ఎట్లా పెంచాలో? నాకు వీడియో పెట్టినవాళ్ళెవరు? మాన్పించాలనే కొట్టాను, నీకు మానింది కూడా. ఇప్పుడు దెబ్బలు మాత్రం లెక్క పెట్టుకుని వచ్చావు.

సంతకం పెట్టను. ఏం చేసుకుంటావో చేసుకో.

(ఉత్తరం కింద పేరు రాయలేదు, కోపంతోనే రాయలేదు. మర్చిపోయాననుకోకు.)


ఉదయగిరి,
6 జూలై 2025, ఆదివారం.

రూబీ,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను.

నిన్న పిల్లలు ఇళ్ళకు పోయాక అంగన్‌వాడీ తలుపు వేసుకుని ఆ వీడియో చూశాను. చివరి దాకా. ‘ఎన్ని అని అడిగింది’ అన్న దగ్గర నువ్వు ఆగిపోయావు. ఫ్యాన్ ఆపుకుని కూర్చున్నావు, నుదుటి చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. నా ఎదురుగా గోడ మీద, పిల్లలను ప్రేమతో పెంచుదాం అని నేనే రంగు పెన్సిళ్ళతో రాసి అంటించిన చార్టు ఉంది. దాన్ని చింపుదామని లేచి, మళ్ళీ కూర్చున్నాను. అందులో రాసింది తప్పు కాదు కదా.

అప్పుడు అర్థమైంది. ఆ శనివారం వాళ్ళు తలలు వంచుకున్నది ఏంజెలిన్ కోసం కాదు. అందరూ అప్పటికే చివరి దాకా చూసి ఉన్నారు. నా కోసం వంచుకున్నారు.

నిన్న సాయంత్రం సమాజం కూడికలో లేచాను. “ఆ తెడ్డు మా ఇంట్లోదే. కొట్టింది నేను. నా కోసం ప్రార్థన చెయ్యండి” అన్నాను. ఎస్తేరమ్మ పెద్దమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, “ఆపొద్దు నీకు చూపిద్దామనే ఫోన్ తీసినా మే. నువ్వు ముక్కల కాడనే లేచి ఎల్లిపోయినావు” అంది. ఆమె మీద ఎంత మంట పుట్టిందో చెప్పలేను. పద్నాలుగు మంది కూర్చుని బొంత కుట్టి ఇచ్చారు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్కరన్నా వచ్చి, ఏందే ఆ కొట్టడం అని అడగలేదు. దారంతా వాళ్ళను తిట్టుకుంటూ నడిచాను. మన ఇంటి మెట్టు ఎక్కేసరికి, అది కూడా నా తప్పు ఇంకొకరి నెత్తిన వెయ్యడానికేనని తెలిసి నా మీద నాకే అసహ్యమేసింది.

ఏంజెలిన్ హోంవర్క్ చేసుకుంటోంది. పక్కన కూర్చుని, “పిన్నికి రాసి వీడియో తీపిచ్చేస్తా. సరేనా?” అని అడిగాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. పెన్సిల్ కింద పెట్టింది.

“తీసేస్తే మళ్ళీ కొడతావా మా?” అంది.

కొట్టను అన్నాను. ప్రభువు మీద ఒట్టు అన్నాను. అది నా మొహం వైపు చూసింది, నా చేతుల వైపు చూసింది.

“ఉండనీలే మా. వాళ్ళు నవ్వితే నవ్వుకోనీ” అని మళ్ళీ పెన్సిల్ తీసుకుంది.

నా బిడ్డకు నా ఒట్టు కంటే ఆ నవ్వులే నయమనిపించాయి రూబీ. తీసెయ్యమని నిన్ను ఇంక అడగను, అడిగే మొహం నాకు లేదు. ఒక్కటి చెప్పు. నేను ఏం చేస్తే అది నమ్ముతుంది?

అక్క


ఆత్మకూరు,
10 జూలై 2025.

అక్కా,

తీసేశాను. నీ ఉత్తరం చదివిన చోటే, వాకిట్లో నిలబడే తీసేశాను. ఉండనీ అని పిల్ల అన్నది భయంతో, ఆ భయానికి అడ్డం నిలవాల్సింది వీడియో కాదు, నేను. కామెంట్లు కూడా దాచుకోలేదు. నువ్వు సంతకం పెట్టలేదు, నేను అడిగి ఉండాల్సింది కాదు. పిల్ల పరువును అడ్డం పెట్టి నీతో బేరమాడాను. ఆ పొద్దు నేను కూడా తెడ్డు పట్టుకున్నట్టే. మనిద్దరం ఇన్ని కాగితాలు ఖరాబు చేసుకున్నాం, ఉంచేదా తీసేదా అని ఏంజెలిన్‌ను అడగడానికి నీకు ఇన్ని రోజులు పట్టింది. నేనైతే అసలు అడగనే లేదు.

నిన్నటి నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. ‘వీడియో ఏమైంది మేడం’, ‘ఆ పాప ఇప్పుడెట్లా ఉంది, అప్‌డేట్ ప్లీజ్’ అని. మీకెందుకు అని ఒకామెకు రాశాను. పిల్లల తల్లితో మాట్లాడే పద్ధతి ఇదేనా అని నలుగురు కలిసి తిట్టారు. తిట్టనీ. మీ మరిది “ముప్పై వేల మంది పోతారే” అన్నాడు. “పోతే పోనీ, ఫ్యాను వేసుకుని కూర్చుంటా” అన్నాను.

నీ మీద కోపం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పోలేదు. నువ్వు కూడికలో నిలబడ్డావని చదివి ఏడ్చాను, ఏడుస్తూ కూడా కోపంగానే ఉన్నాను. ఏం చేస్తే నమ్ముతుందని నన్ను అడిగావు. నాకు తెలియదు. నీ ఉత్తరం పోస్ట్‌మ్యాన్ చేతిలో కనపడగానే, విప్పకముందే నా అరచేతులు చల్లబడ్డాయి. నేనే ఇంకా నమ్మలేదక్కా, దాన్ని ఎట్లా నమ్మమనేది?

పద్దెనిమిదో తేదీ శుక్రవారం సాయంత్రం బస్సుకు వస్తున్నాను. ఫోన్ ఇక్కడే పెట్టి వస్తాను. క్యారియర్ తెస్తాను, మూత దొరికింది, మావాడి బొమ్మల కింద ఉంది. ఆ నీలం చీర మిగతాది నా పెట్టెలో ఉంది, అదీ తెస్తాను. కోసిన మూలకు అతుకు వేద్దాం. దాని మీద పేరు కుట్టాలా వద్దా అన్నది ఏంజెలిన్ చెబుతుంది.

నా పక్క ఏంజెలిన్ పక్కనే వెయ్యి. శనివారం తెల్లారి బొంత తడిసి ఉంటే నేను లేవను. నువ్వే లేవాలి. నేను కళ్ళు మూసుకుని, మేలుకునే ఉంటాను. అంతా వింటూ ఉంటాను.

రూబీ